నిలవ నీళ్లు

"నీళ్లన్నీ ఒకేసారి మార్చకండి బాబూ, చచ్చిపోతాయి."

గుమ్మంలో నిలబడ్డావిణ్ణి ఆడిటర్ ఎగాదిగా చూశాడు.

ఎదురు వాటాలో ఈమధ్యే దిగిన ముసలావిడ. వెలిసిపోయిన స్వెటర్. చేతిలో మూత పెట్టిన బకెట్.

హాల్లో గాజు తొట్టె. అందులో అతని న్యూట్లు. బల్లిలా ఉండి నీళ్లలో బతికే జీవులు. నల్లటి ఒళ్లు, ఎర్రటి పొట్ట. ఇంటికొచ్చినవాళ్లు నోరెళ్లబెట్టాలని ఏదో ప్రకటన చూసి తెచ్చుకున్నాడు.

"మీకెవరు చెప్పారు మారుస్తున్నానని?"

"తలుపు తీసుంటే కనబడింది. కుళాయి నీళ్లలో మందు కలుపుతారుగా, వాటి ఒంటికి పడదు. ఇవి నిన్న పట్టి ఉంచిన నీళ్లు. కొంచెం తీసి, కొంచెం పొయ్యండి."

"మనింట్లోకి తొంగి చూడ్డం కూడానా!" లోపల్నుంచి భార్య గొంతు. "పనీపాటా లేకపోతే సరి."

ఆడిటర్ తలుపేశాడు.

ఆవిడ మర్నాడూ వచ్చింది.

"మిగిలిన మేత తీసెయ్యండి బాబూ, నీళ్లు కుళ్లుతాయి. తొట్టెలో పెట్టిన ఆ హీటరూ వద్దు. వాటికి చల్లదనమే కావాలి."

"వచ్చిందండీ ఇన్‌స్పెక్టరమ్మ!" భార్య పకపకా నవ్వి, బకెట్ అందుకుని నీళ్లు మెట్ల మీద పారబోసింది.

"బకెట్ ఎత్తితేనే ఆయాసపడుతున్నారు, మాకు పాఠాలా?" అన్నాడు ఆడిటర్. "ఇంకోసారి తలుపు కొడితే ఓనరుతో చెప్పి ఖాళీ చేయిస్తా."

ఆవిడ తొట్టె వంక ఓసారి చూసింది. ఖాళీ బకెట్ తీసుకుని వెళ్లిపోయింది.

మళ్లీ రాలేదు. ఎదురు వాటాకి తాళం పడింది.

"పీడ వదిలింది," అంది భార్య.

తొట్టెలో నీళ్లు తెల్లగా మసకబారాయి. న్యూట్లు అందులో ఉండలేక రాయెక్కి కూర్చున్నాయి. ఒకటి చచ్చిపోయింది. హాలంతా కంపు.

ఆడిటర్ మండిపడుతూ వాటిని అమ్మినతనికి ఫోన్ చేశాడు.

"రోగిష్టివి అంటగట్టావేంటయ్యా! వచ్చి మిగిలినవి పట్టుకుపో."

"నావి కావు సార్. మా అక్కవి. గుడ్ల నుంచి పెంచింది."

"అయితే ఆవిడకే ఇచ్చెయ్."



"అక్క పోయింది సార్. డాక్టర్లు పెదవి విరిచాక, తన తర్వాత వాటికో ఇల్లుండాలని మీకిప్పించింది. తనవని తెలిస్తే మీకు మొహమాటంగా ఉంటుందని చెప్పొద్దంది. ఉన్నన్నాళ్లూ వాటికి నీళ్లయినా మోద్దామని మీ ఎదురు వాటాలో దిగింది సార్, వెళ్లినప్పుడల్లా మీరు లోపలికి పిలిచి కూర్చోబెడుతున్నారనే చెప్పేది మాకు."