క్లుప్త ప్రార్థన

గుడిసెలు కూల్చడానికి బుల్డోజరు వచ్చింది. స్టే ఆర్డరు పట్టుకుని లాయరమ్మ దారిలో ఉంది. ఆవిడ వచ్చేదాకా అడ్డం నిలబడదామని మా చర్చి అంతా కదిలింది, గొడుగులతో సహా.

"ముందు ప్రార్థన చేసుకుందాం," అన్నారు సంఘపెద్ద.

డ్రైవరూ విశ్వాసే. ఇంజను ఆపి, టోపీ తీసి తల వంచాడు. మాకు ప్రాణం లేచొచ్చింది. ఆదివారాలు పెద్దాయన ప్రార్థన మొదలెడితే పిల్లలు ఓ నిద్ర తీసి లేస్తారు మరి!

ఆరోజు మాత్రం రెండు ముక్కల్లోనే ముగింపుకొచ్చారు.

"ఇంకాస్త చెయ్యండయ్యా," గుడిసె ముసలమ్మ బతిమాలింది.

"ఎండ చూశావా అమ్మా? అయినా దేవుడికి తెలియనిదేముంది!"

అందరం "ఆమెన్" అన్నాం. అందరికంటే గట్టిగా డ్రైవరన్నాడు. టోపీ పెట్టుకుని ఇంజను స్టార్ట్ చేశాడు.

దుమ్ము పడకుండా మేం గొడుగులు అడ్డం పెట్టుకున్నాం.