రాహేలు వైవా

“ముందల కూసోండి అంకుల్. మీరు గీడ నిలవడితే రాహేలక్క నన్ను తిడ్తది” అంది నిరోష.

సత్తయ్య గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. తార్నాకలో బస్సు దిగి ఆర్ట్స్ కాలేజీ దాకా నడిచొచ్చాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది.

“అక్కోళ్ల నాయనే కదా మీరు?”

ఆయన వెళ్ళి ముందు వరుసలో కూర్చున్నాడు. నిరోష బల్ల దగ్గరికి పోయి రాహేలు చెవిలో ఏదో చెప్పింది. రాహేలు తలెత్తి ఆయన్ని ఒక్కసారి చూసింది. మళ్ళీ కాగితాల మీదికి వంగింది.

ఇరవై ఏళ్ళ తర్వాత ఆ ఒక్క చూపు. అంతకన్నా ఆయనకు రావలసింది కూడా ఏమీ లేదు.

“ఆ పిల్ల ముందర ఒక్కసారి తల వంచి రాండి” అంది స్వర్ణ, పోయేముందు. బతికుండగా పెళ్ళాం మాట ఒక్కటీ వినలేదు. ఇప్పుడు వింటే ఎవరికి లాభం? అయినా వచ్చాడు. చెప్పవలసింది ఒక్కటే. తప్పయిపోయింది బిడ్డా.

రాహేలు పరిశోధన ఒక ఐర్లాండు మనిషి మీద. కౌలు బాకీ పడ్డారని జమీందారు ఇల్లు కూల్పించాడు. ఎనిమిదేళ్ళ పిల్లవాడు రోడ్డున పడ్డాడు. పెద్దయ్యాక ఓడెక్కి ఆస్ట్రేలియా పోయాడు. గనుల్లో రాళ్ళు కొట్టాడు, నాయకుడయ్యాడు, మంత్రయ్యాడు. పెద్ద ఎస్టేట్లను ముక్కలు చేసి దున్నేవాళ్ళకు పంచాడు.

“అంతా బాగుంది గానీ, ఈ ఐర్లాండాయన నీకేమవుతాడమ్మా?” అని అడిగింది పరీక్షకు వచ్చిన విజయశ్రీ మేడం. అందరూ నవ్వారు.

రాహేలు నవ్వలేదు.

“మా ఇల్లు గూడ గట్లనే కూలగొట్టిచ్చిన్రు మేడం. వానల. నాకు ఎనిమిదేండ్లు. గసొంటి పిల్లలు పెద్దగైతే ఏమైతరో చూద్దామని ఈయన్ని పట్టుకున్న.”

సత్తయ్య తల దించుకున్నాడు. బురదలో బియ్యం. కోడిని చంకలో పెట్టుకుని నిలబడ్డ పిల్ల. ఆ పొద్దు ఆయన ఆపండని ఒక్క మాట అని ఉంటే ఆ ఇల్లు నిలిచేది. అనలేదు. ఆ రోజు స్వర్ణ అన్నం ముట్టలేదు.

“సభలో ఎవరైనా ప్రశ్న అడగొచ్చు” అంది మేడం.

సత్తయ్య లేచాడు. చెప్పాలనుకున్నది చెప్పలేక ఇంకోటి అడిగాడు.

“గా ఇల్లు కూలగొట్టిచ్చినోడు మళ్ల ఎన్నడన్న ఈయనకు ఎదురువడ్డడా బిడ్డా?”

నిరోష కళ్ళు తుడుచుకుంది.

“ఎదురుపడ్డట్టు ఏడ లేదు” అంది రాహేలు. “ముసలితనంల ఈయనే ఒక ఉత్తరం రాసిండు. గా మనిషి ముఖం గూడ మర్చిపోయిన అని.”

సత్తయ్య కూర్చున్నాడు.

చప్పట్లు కొట్టారు. డాక్టర్ రాహేలు అని పిలిచారు. వరండాలో అందరికీ భోజనాలు పెట్టారు. సత్తయ్య మెట్లవైపు జారుకోబోయాడు. రాహేలు ఎదురొచ్చి ప్లేటు చేతికిచ్చింది. బగారన్నం, కోడికూర తానే వడ్డించింది.

“తిని పోండి.”

మాట గొంతుదాకా వచ్చింది. ముద్దతోపాటు మింగేశాడు.

“ఇంకింత ఏద్దునా?”

వద్దన్నట్టు తల ఊపాడు. ఆమె గరిటె పక్కన పెట్టి, ఆయనకు మాత్రమే వినపడేలా అంది.

“నాకైతే మీ ముఖం యాదికున్నది, పటేలా.”