పాత స్టేషన్‌లో ఎదురుకోలు

పెళ్లికొడుకు మెడలో వేయాల్సిన గులాబీల దండ పట్టుకుని ప్రేమ్‌రాజ్ గేటు దగ్గర నిలబడ్డాడు. పక్కన బ్యాండువాళ్లు, షర్బత్ గ్లాసులు. ముహూర్తం ముంచుకొస్తోంది. పెళ్లికొడుకు ఊరేగింపు జాడే లేదు.

పాతబస్తీలోని ఆ నిజాం కాలం రైల్వే స్టేషన్ ఫంక్షన్ హాలుగా మారాక ఇదే మొదటి పెళ్లి. "ఎదురుకోలుల జర్రంత తేడా వచ్చినా నీ నౌకరీ ఖతం" అని ఓనరు పొద్దున్నే చెప్పేశాడు. మేనేజరు ప్రేమ్‌రాజ్ అప్పట్నుంచీ గేటు వదిలి కదల్లేదు.

సరిగ్గా అప్పుడే దిగబడ్డాడు ఓ ముసలాయన, ట్రంకు పెట్టె మోసుకుంటూ.

ప్రేమ్‌రాజ్ తల పట్టుకున్నాడు. రోజూ ఇదే గోల. పట్టాల మీద తివాచీ పరిచినా, టికెట్ కౌంటర్లో చాట్ బండి పెట్టినా, రైలు కోసం వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు. మొన్న ఒకావిడ పానీపూరీ అతన్ని వరంగల్‌కు టికెట్ అడిగింది. ఇవ్వనంటే అలిగింది కూడా.

ముసలాయన నేరుగా వధూవరుల పేర్లు రాసిన పూల బోర్డు దగ్గరికి వెళ్లాడు. కళ్లజోడు సవరించుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. కళ్లు తుడుచుకున్నాడు.

ప్రేమ్‌రాజ్‌కు అర్థమైపోయింది. పాపం, రైళ్ల టైం టేబుల్ అనుకున్నాడు! బండి వెళ్లిపోయిందని ఏడుస్తున్నాడు!

"బాపూ, గిక్కడికి రైళ్లు రావు. ఎన్నడో బందయినయి."

"రైలు కాదయ్యా. నా కోసం ఒకరు ఎదురుచూస్తుంటారు."

"గాళ్లు కాచిగూడల చూస్తుంటరు. అందరు గాడికే పోతరు."

ముసలాయన మొహం వాడిపోయింది. "చోటు మార్చారా? నాకెవరూ చెప్పలేదే!"

"ఎన్నడో మార్చిండ్రు!"

ఆయన ఇంకేదో చెప్పబోయి, సిగ్గుపడి ఆగిపోయాడు.

"మున్నా! బాపును జల్దీ ఆటో ఎక్కియ్యి. పెళ్లికొడుకు వచ్చే టైంకు గీ ట్రంకు అడ్డముంటే మస్తు లొల్లయితది."

"ఫికర్ మత్ కరో సాబ్" అంటూ సెక్యూరిటీ మున్నా ఆయన్ని ట్రంకుతో సహా ఆటోలో కూర్చోబెట్టాడు. ప్రేమ్‌రాజ్‌కు జాలేసింది. పెళ్లికొడుక్కని కలిపిన షర్బత్‌లోంచే ఓ గ్లాసు తెచ్చి ఆయన చేతికిచ్చాడు.

ఆటో మలుపు తిరిగింది. ప్రేమ్‌రాజ్ హాయిగా ఊపిరి పీల్చుకుని, వాడిపోతున్న దండ మీద నీళ్లు చల్లాడు.

అప్పుడు లేడీస్ వెయిటింగ్ రూమ్ తలుపు తెరుచుకుంది.

పసుపు పట్టుచీర, బుగ్గన చుక్క, తెల్లటి జడ నిండా మల్లెలతో డెబ్బై ఏళ్ల పెళ్లికూతురు తొంగిచూసి, "బాబూ, మా పెళ్లికొడుకుగారు ఒక్కరే వస్తారు, సిగ్గుతో ఎవరికీ చెప్పుకోలేరు కూడా, కాస్త చూసి లోపలికి తీసుకురా" అంది.