పిచ్చి అక్షరాలు

"ఇంకో వేలు విరవమంటావా?"

ఓంగర్ అడిగింది కుర్చీకి కట్టేసి ఉన్న గోదాము గుమస్తా సపర్గలిని. అతని మూతి పగిలి రక్తం చొక్కా మీదికి కారుతోంది. రెండు వేళ్లు అప్పటికే విరిగిపోయాయి.

"నాకు తెలీదన్నా! పిల్లల మీద ఒట్టు!"

"నీ పాత కంప్యూటర్లో మా జాకెన్‌గాడికి దొరికిన ఫ్లాపీ నీకు తెలీదా? సరిహద్దులో నా సారా లారీ పట్టుబడింది. ఎవడో పోలీసులకు ఉప్పందిస్తున్నాడు. ఇదుగో, రహస్య భాష! నిజం చెప్పకపోతే నీ శవం లేస్తుంది."

ఎదురుగా కొత్త కంప్యూటర్ తెర నిండా నెత్తిన చుక్కలూ టోపీలూ పెట్టుకున్న పిచ్చి అక్షరాలు. మనిషన్నవాడు చదవగలిగింది ఒక్కటీ లేదు.

అంతలో ఓంగర్ మనిషి జాకెన్, బజారులో రిపేరు కొట్టు నడిపే రైఖాన్‌ను జబ్బ పట్టి ఈడ్చుకొచ్చాడు. సపర్గలినీ, ఆ తెరనూ చూడగానే ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది.

"చెల్లీ, ఈ షింకెంట్ ఊళ్లో కంప్యూటర్ల డాక్టరమ్మవి నువ్వేనంట కదా. మొన్న ఆ పాతదాన్ని బాగుచేసిందీ నువ్వే. ఇదేం భాష?"

"భాషా లేదు, పాడూ లేదన్నా. పాత మిషను అక్షరాలకు ఒక వరస నంబర్లిస్తుంది, కొత్తది ఇంకో వరస. అక్కడ రాసింది ఇక్కడికొచ్చేసరికి ఇలా తగలడుతుంది. రోజూ చూసీ చూసీ నేనైతే ఇలాగే చదివేస్తా."

"కోతలు కొయ్యకు!"

ఓంగర్ పాత మిషను దగ్గరికెళ్లి ఏదో టైపు చేసి, ఇంకో ఫ్లాపీలో తెచ్చి కొత్తదాంట్లో పెట్టాడు. మళ్లీ పిచ్చి అక్షరాలే. వేళ్లు విరిచిన పట్టకారు ఆమె చేతికి ఆనించాడు. "తప్పు చెప్పావో, తర్వాతి వేలు నీదే."

రైఖాన్ కళ్లు చిట్లించింది. "ఉల్బాలా. మీ అమ్మగారి పేరా?"

అవునన్నట్టు ఓంగర్ తలూపాడు. పట్టకారు దించాడు. "అయితే వీడిది చదువు."

"'మా ఓంగర్ అన్న కొడుకు సున్తీ విందుకు వచ్చిన పెద్దలకు దండాలు. ఈ బిడ్డ తండ్రంత గుండె ధైర్యం గలవాడు కావాలి...' ఓరి దేవుడా, మీరు ఊరందరినీ పిలిచిన విందులో ఇచ్చే దీవెనన్నా ఇది! ఉండండి, మీరే చదువుకుందురు."

పిచ్చి అక్షరాలను ఒక్కో వరసా చూస్తూ, కింద మంచి అక్షరాల్లో టైపు చేసింది. పైనున్న చెత్తంతా చెరిపేసింది. చదువుతుంటే ఓంగర్ కళ్లు చెమర్చాయి.

"ముందే చెప్పి చావొచ్చుగా!"

సపర్గలి రక్తం మింగి, రైఖాన్ వంక చాలాసేపు చూశాడు. "చెప్పేస్తే... మజా ఏముందన్నా."

"నా ఉప్పు తిన్నవాణ్ణి నా చేతే కొట్టిస్తావురా, కుక్కా!" ఓంగర్ విసిరిన కీబోర్డు జాకెన్ ముక్కు మీద ముక్కలైంది.

సపర్గలిని ఆసుపత్రికి మోసుకెళ్లారు. రైఖాన్ గోదాము దాటాక వెనక్కి చూడకుండా బజారు వైపు పరుగందుకుంది. ఆ ఫ్లాపీని పాత మిషనులోనే తెరిచి చూడాలని ఓంగర్‌కు తట్టలేదు.

మొన్న ఆ పాత మిషను బాగుచేసినప్పుడు, లారీ సంగతి పోలీసులకు రాస్తూ ఆ ఫైలు టైపు చేసి, ఫ్లాపీని అందులోనే మరిచిపోయింది తనే.