శభాష్ వైద్యం

"ఆగండి. ఇవ్వకండి."

శిరీష చేతిలోని నీళ్ల గ్లాసు గాల్లోనే ఆగిపోయింది. ఎదురుగా అయిదేళ్ల శ్రావణ్ గ్లాసు వైపు చెయ్యి చాపి మూలుగుతున్నాడు.

"వాడికి దాహం వేసిందని మీకు తెలుసు. మీకు తెలుసని వాడికీ తెలుసు. ఇంక నోరెందుకు తెరుస్తాడు?" అంది డాక్టర్ విశాలాక్షి.

ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులకు యూనివర్సిటీ క్యాంపస్‌లో ఆమె శిక్షణ ఇస్తుంది. పిల్లలకు కాదు, తల్లిదండ్రులకే. తన దగ్గర నేర్చుకున్నది ఇంట్లో రోజంతా చేయాలంటుంది.

శిరీష గుండె రాయి చేసుకుని నిలబడింది. శ్రావణ్ ఏడ్చాడు. గ్లాసును చూశాడు. చివరికి ఎటో చూస్తూ, "నీ..." అన్నాడు.

"ఇప్పుడివ్వండి! పొగడండి, వెంటనే!"

"శభాష్ నాన్నా!" అంది శిరీష, కాస్త సిగ్గుపడుతూ.

"అలా కాదు. పండగలా ఉండాలి."

తార్నాకలో వాళ్లింటికి దగ్గరున్న స్కూలు వాళ్లు జూన్‌లో శ్రావణ్‌ని చేర్చుకుంటామన్నారు. ఒక్కటే షరతు. దాహం వేస్తే వాడు నోటితో నీళ్లడగాలి, అది వీడియో తీసి గడువులోగా పంపాలి. అప్పటికే మిగతా స్కూళ్లన్నీ కాదన్నాయి.

"వాడికి అన్నిటికన్నా ఇష్టమైనదేంటి? అదే మన మందు," అంది విశాలాక్షి.

"చిప్స్, మేడం," అన్నాడు తండ్రి కమలాకర్.

"ఫోన్. సబ్బు బుడగలు," అంది శిరీష.

"మంచిది. కానీ వీటన్నిటికన్నా పెద్దది మీ మెప్పు. ఇంట్లో అందరూ మెచ్చుకోవాలి. ఇంకెవరుంటారు?"

"మా అమ్మ సమ్మక్క," అన్నాడు కమలాకర్.

"ఆవిడకూ చెప్పండి."

సమ్మక్కకు చెప్పారు. అడగందే ఏదీ ఇవ్వొద్దంటే సరేనంది. పొగడ్త దగ్గరే పేచీ వచ్చింది.

శ్రావణ్ మొదటిసారి ఇంట్లో "నీళ్లు" అన్నప్పుడు శిరీష ఎగిరి గంతేసింది. కమలాకర్ చప్పట్లు కొట్టాడు. కింది పోర్షన్‌లో ఉండే ఆవిడ ఎవరిదో పుట్టినరోజనుకుని పైకొచ్చి చూసి వెళ్లింది.

"గింత లొల్లి ఏందే? నలుగురు వినంగ పొగుడుతరా పిలగాన్ని? దిష్టి తాకదా?" అంది సమ్మక్క.

"గదే మందు అత్తమ్మా."

"మందైతే చెంచతోని పొయ్యాలె. బిందెతోని గుమ్మరిస్తరా?" అంటూ మనవడి చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయింది.

ఆ తర్వాతా అంతే. వీళ్లు చప్పట్లు మొదలుపెట్టేవారు. ఆమె వాణ్ణి లోపలికి తీసుకుపోయేది. అయినా శ్రావణ్ రోజురోజుకూ ఎక్కువగా అడగసాగాడు. దాహం లేకపోయినా అడిగేవాడు. అడిగి, గ్లాసు ముట్టకుండా వదిలేసేవాడు.

"నేను చెప్పలేదూ? మెప్పుకున్న బలం అది," అంది విశాలాక్షి.

శిరీష కాస్త నసిగి, అత్తగారి సంగతి చెప్పింది. విశాలాక్షి మొహం మారింది.

"వాడు మాట్లాడిన ప్రతిసారీ ఆవిడ లాక్కుపోతున్నారా? పిల్లవాడి లెక్కలో అది శిక్ష! స్కూలుకు పంపే వీడియో నేనే వచ్చి తీస్తాను. అప్పటిదాకా ఆవిణ్ణి ఎక్కడికైనా పంపగలరా?"

శిరీష ఎన్నాళ్ల నుంచో ఎదురుచూస్తున్న మాట అది. డాక్టరే చెప్పింది కాబట్టి పాపం కూడా అంటదు.

"అమ్మా, స్వరూపక్క లాలాపేట్‌కు రమ్మంటున్నది. కొన్ని దినాలు ఉండి రారాదు," అన్నాడు కమలాకర్, తల్లి మొహం చూడకుండా.

"అది రమ్మన్నదా, మీరు తోలుతున్నరా?" అంది సమ్మక్క, చీరలు సంచిలో కుక్కుకుంటూ.

ఆమె వెళ్లింది. ఆమెతోపాటే శ్రావణ్ మాటా పోయింది.

మళ్లీ మొదటికొచ్చారు. చెయ్యి పట్టి లాగడం, మూలగడం, ఏడవడం. ఎప్పుడైనా "నీ..." అంటే చాలు, శిరీష గొంతు బొంగురుపోయేదాకా పొగిడేది. కమలాకర్ ఈల కూడా వేశాడు. వాడు చెవులు మూసుకున్నాడు.

"ఇంకా గట్టిగా పొగడండి," అంది విశాలాక్షి ఫోన్‌లో.

"ఇంగ గట్టిగ అంటే బ్యాండ్ మేళం పెట్టాలె మేడం," అన్నాడు కమలాకర్.

గడువుకు ముందురోజు ఆమె వీడియో తీయడానికి వచ్చింది. చాలాసేపు ఫోన్ పట్టుకుని కూర్చుంది. శ్రావణ్ పెదవి విప్పలేదు. గ్లాసు పట్టుకున్న శిరీష కళ్లు నిండిపోయాయి.

"ఈ స్కూలు గూడ పాయె," అన్నాడు కమలాకర్.

తలుపు చప్పుడైంది. గుమ్మంలో సంచితో సమ్మక్క.

"పిలగానికి పరీక్షనట గదా. స్వరూప చెప్పింది. గా మూలకు కూసుంట. నేను నోరు తెరిస్తె అడుగుర్రి."

విశాలాక్షి శిరీష వైపు చూసింది. వద్దనే ఓపిక శిరీషకు లేదు.

శ్రావణ్ తల తిప్పి మూలకు చూశాడు.

"నీళ్లు," అన్నాడు. కాస్త ఆగి, ఇంకా గట్టిగా, "నీళ్లు కావాలె."

రెండు మాటలు కలిపి వాడు అనడం అదే మొదటిసారి. విశాలాక్షి ఫోన్ దించలేదు.

"చూశారా, మెప్పు ఎక్కడికీ పోదు! పొగడండి! ఆపకండి!"

శిరీష ఏడుస్తూనే శభాష్ అంది. కమలాకర్ చప్పట్లు కొట్టాడు, ఈల వేశాడు.

ఆ హోరులో శ్రావణ్ తల్లి చాపిన గ్లాసునూ తండ్రి చాపిన చిప్స్‌నూ దాటుకుని నాయనమ్మ దగ్గరికి వెళ్లి, ఆమె రెండు చేతులూ పట్టుకుని తన బుగ్గల మీదుగా తిప్పి, తీసుకెళ్లి ఆమె కణతలకు ఆనించి, వంటింట్లో రోజూ విన్న మెటికలు విరిగే చప్పుడు కోసం చెవి దగ్గరగా పెట్టి నిలబడ్డాడు.