మిగిలిపోయిన వంటవాడు

“బావా, కొంప మునిగింది! ఆఖరి అధ్యాయంలో యుద్ధం చేయడానికి మనుషుల్లేరు,” అన్నాడు ప్రూఫులు దిద్దుతున్న నా బావమరిది.

పాత చైనా రాజ్యాల పోరు మీద నేను అల్లిన నవల అది. సాయంత్రానికి ఇవ్వకపోతే ప్రెస్సువాడి చేతిలో నేనే ఆఖరి శవాన్ని.

“చక్రవర్తి ఉన్నాడుగా?”

“పన్నెండో అధ్యాయంలోనే విషం పెట్టించావు.”

“సేనాపతి?”

“రెండుసార్లు చంపావు.”

“మరెవడు మిగిలాడ్రా?”

“సైన్యం వంటవాడు. చంపడం మరిచిపోయావు.”

గబగబా ఒక వాక్యం రాసి చదివాను: “తెల్లవారగానే వంటవాడు అలవాటు కొద్దీ మూడు లక్షల మందికి సరిపడా బియ్యం కడిగాడు.”

బావమరిది కళ్ళు తుడుచుకున్నాడు.

“వాళ్ళందరినీ నరికించినప్పుడు ఆవలించావు. ఇప్పుడేడుస్తావేంట్రా?”

“వాళ్ళు పోయారని ఇప్పుడే కదా బావా తెలిసింది!”