ఫిల్ఫిల్‌కి ఆకలి లేదు

“అరవై ఆరు గ్రాములు సార్!” తూకం గదిలోంచి సహాయకుడు రాజేంద్ర కేకేశాడు.

డాక్టర్ శ్రీనివాసరాజు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. చెవులతో విన్నదానికి కళ్ళజోడు తుడిచి లాభం లేదని ఆయనకీ తెలుసు. కానీ మూడు వారాలుగా ఒక్క పురుగూ ముట్టని బల్లి వారానికో గ్రాము చొప్పున బరువు పెరుగుతుంటే ఏ డాక్టరైనా ఏదో ఒకటి తుడుచుకోవాలి కదా.

“సరిగ్గా చూశావా? బంగారం తూచినట్టు పది నిమిషాలు తూచావు!”

“కాటా మీద కుదురుగా ఉండదు సార్. అంకె నిలబడొద్దూ?”

అరబ్బు దేశపు జిదాఫ్స్‌లోని ఆ జంతువుల క్లినిక్‌కి వచ్చేవన్నీ పిల్లులూ, డేగలూ. బల్లి జాతిది ఈ లెపర్డ్ గెకో ఒక్కటే. పసుపు ఒంటిమీద మిరియాలు చల్లినట్టు మచ్చలు. అందుకే పెంచుకునే పాప నూరా దానికి ఫిల్ఫిల్ అని పేరు పెట్టుకుంది. అరబ్బీలో మిరియమనే అర్థం. దాన్ని కొనితెచ్చిన నెలకే ఆ పిల్ల తండ్రి పోయాడు.

ఎదుటి కుర్చీలో నూరా తల్లి మరియమ్ చేతిసంచి తాడు మెలిపెడుతోంది.

“డాక్టర్, నిజం చెప్పండి. ఇది బతుకుతుందా? దీన్ని చూసి నా కూతురూ అన్నం మానేసింది. ‘ఫిల్ఫిల్ కూడా బాబా దగ్గరికి వెళ్ళిపోతుందా?’ అని అడుగుతోంది. ఏం చెప్పను?”

డాక్టర్ పాత చీటీలు తిరగేశాడు. మొదటిసారి తెచ్చినప్పుడు దానికున్నది చిన్న బాధే. విడిచిన కుబుసం కాలివేళ్ళకు బిగుసుకుపోయింది. గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి ఒలిచేశాడు. ఆ మర్నాటినుంచే తిండి మానేసిందట. తన చేతివల్లే ఏదో అయిందేమోనని ఆయనకి నిద్ర పట్టడం లేదు. ఎక్స్‌రే తీస్తే పేగుల్లో ఇసుక లేదు. అద్దాల పెట్టెలో వేడి సరిచూశాడు, కాల్షియం పొడి మార్చాడు. ఇక మిగిలింది ఒకే అనుమానం, పేగుల్లో కాపురం పెట్టే ఓ సూక్ష్మజీవి. అదే అయితే మందు లేదు. సూదితో శాశ్వతంగా నిద్రపుచ్చడమే.

అయితే ఆ రోగమొస్తే తోక పుల్లలా ఎండిపోవాలి. ఈ జాతి బల్లులు కొవ్వంతా తోకలోనే దాచుకుంటాయి. ఫిల్ఫిల్ తోక చూస్తే అరటిపండులా నిగనిగలాడుతోంది.

“తిండి పెట్టేదెవరు?”

“నూరానే గిన్నెలో పురుగులు పెడుతుంది. తెల్లారి చూస్తే అన్నీ అలాగే ఉంటాయి. పెట్టె కడిగేది మా సాయికుమారి. ఆమె చేతిలో అయితేనే ఇది బెదరదు, అందుకే వెంట తెస్తున్నాను. మంచి పిల్ల. జల్లాఖ్‌లో మా ఇంటికొచ్చి పద్నాలుగు నెలలు. గేటు దాటి ఎక్కడికీ వెళ్ళలేదు, పంపమని అడగనూ లేదు.”

ఇంతలో ఫోను మోగితే మరియమ్ బయటికి వెళ్ళింది. సాయికుమారి తూకం గదిలోంచి ఫిల్ఫిల్‌ని తెచ్చి బల్లమీద పెట్టింది. ఆమెది అమలాపురం దగ్గరని ఆయన మొదటిరోజే అడిగి తెలుసుకున్నాడు. సొంతూరు భీమవరం కావడంతో ఆ మాత్రం ఆరా ఆయనకి మామూలే.

డాక్టర్ ఫిల్ఫిల్ పొట్ట నిమిరాడు. అది తోక పైకెత్తి, ఏ మొహమాటమూ లేకుండా బల్లమీదే తన పని కానిచ్చేసింది.

మూడు వారాల ఉపవాసి చేయగలిగిన పని కాదది. పటకారుతో విడదీసి చూశాడు. పురుగుల పొట్టు!

“సాయికుమారీ, ఇది తింటోంది కదూ?” తెలుగులో అడిగాడు.

ఆమె మొహం పాలిపోయింది.

“ఆయ్... తింటందండి. పొద్దుగూకాక మేడం మగ్రిబ్ నమాజు చేసుకునేటప్పుడు నేనే పెట్టేత్తన్నానండి. కడుపు నిండిపోద్ది కదండీ, ఇంక పాప పెట్టింది ముట్టదు. అద్దాల పెట్టి కూడా ఆనవాల్లేకండా కడిగేత్తానండి.”

“బుద్ధుందా నీకు? తండ్రి పోయిన పిల్ల, ఇదీ పోతుందని కుమిలిపోతోంది. నేనేమో ఇక్కడ సూది సిద్ధం చేసుకుంటున్నాను!”

“పాప ఏడుత్తంటే నాకూ ముద్ద దిగట్లేదండి.” ఆమె కళ్ళు నిండాయి. “తప్పు నాదేనండి.”

ఆయన కోపం కొంచెం దిగింది. కాగితం ముందుకు లాక్కున్నాడు.

“ఇవాళ్టితో ఖలాస్. ఏ జబ్బూ లేదని రాసేస్తున్నాను. నీ పేరు ఎత్తనులే. ఇకమీదట పాప గిన్నె పెట్టినప్పుడే తినాలి ఇది. మళ్ళీ తేనక్కర్లేదు.”

ఆమె బల్ల అంచు పట్టుకుంది.

“బాగుందనే రాయండి బాబూ, పాప అన్నం తింటాది. తేనక్కర్లేదని మాత్రం రాయకండి. వారానికోసారి తూకమేయించాలని రాయండి. మీ కాళ్ళట్టుకుంటాను.”

“జబ్బు లేని బల్లికి తూకమెందుకమ్మా?”

ఫోను ముగించుకుని వస్తున్న మరియమ్ అడుగుల చప్పుడు దగ్గరవుతోంది. సాయికుమారి గొంతు తగ్గించింది.

“లోపల తూకమేసేది మా ఆయనండి.”